చిన్నాయన లేచి నిలబడే వేళ

ఆ పొద్దున మంచు బాగా కురిసింది. పత్తి తడిగా ఉందని కూలీలు గట్టు మీదే కూర్చున్నారు. ఎండ పడ్డాక ఏరాలి. ఈలోపు మిరపతోటకు నీళ్లు పెట్టి వస్తానని మా చిన్నాయన ఒక్కడే బావి దగ్గరికి వెళ్లాడు. మోటరు స్టార్టర్ డబ్బా తడిసి ఉంది. కరెంటు కొట్టింది. మేం వెళ్లేసరికి ప్రాణం లేదు.

నర్సింహులపేట తెలంగాణ దీక్షా శిబిరానికి వచ్చిన వాళ్లకు ఆయన తెలుసు. తెలియని వాళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

ఏటా పత్తి ఏరే కాలంలో ఆయనకు కుడి కణతలో నొప్పి వచ్చేది. ఒక్క పక్కే. మధ్యాహ్నం అన్నం వేళకు మొదలై గంటసేపు ఉండేది. కొన్ని వారాలు రోజూ వచ్చి, మళ్లీ ఏడాది దాకా జాడ ఉండేది కాదు. తలనొప్పి వస్తే ఎవరైనా పడుకుంటారు. ఈయన పడుకోలేడు, కూర్చోలేడు. "దొరొచ్చిండు, లేవాలె" అని లేచి తిరిగేవాడు. దొర ఎదుట మంచం మీద కూర్చోకూడని రోజులు చూసిన మనిషి. పంటి నొప్పేమోనని రెండు దవడపళ్లు పీకించుకున్నాడు. కణత మీద చురక పెట్టించుకున్నాడు. "పండ్లు పోయినయి గని దొర పోలే" అని నవ్వేవాడు.

ఒకసారి మాత్రం ఓర్చుకోలేనంత నొప్పి వచ్చి తగ్గాక మా చిన్నమ్మతో, "బాయి దిక్కు నన్నొక్కన్ని పోనియ్యకు" అన్నాడు. అప్పటి నుంచి ఆ కాలమంతా ఆమె ఆయన వెంటే ఉండేది.

రిలే దీక్షలో ఆయన కూర్చున్నది కూడా ఆ కాలంలోనే. మధ్యాహ్నం కాగానే లేచి టెంటు వెనక గోడ చాటుకు వెళ్లేవాడు. శిబిరం బాధ్యత చూసే ఎరువుల దుకాణమాయన ఊరుకోలేదు.

"దీక్షల గూసున్నోనికి గోడెనుక ఏం పనే? ఇంటికెల్లి సద్ది వచ్చిందా?"

అందరూ నవ్వారు. చిన్నాయన మరోసారి వంతు వచ్చిన రోజూ అలాగే లేచి వెళ్లాడు.

"ఇగ నీ పేరు తీసేస్త. అందరి ఇజ్జత్ పోతది" అన్నాడు దుకాణమాయన.

అంతలో దీక్షాపరులకు బీపీ చూడడానికి డాక్టరు వచ్చారు. ఖాళీ చోటు ఎవరిదని అడిగారు.

"తినొస్తడు సార్, జర ఆగుండ్రి" అన్నాడు దుకాణమాయన.

డాక్టరు ఆగలేదు. గోడ వెనక్కి నడిచారు. నేనూ దుకాణమాయనా వెంట వెళ్లాం. చిన్నాయన అరచేత్తో కణత నొక్కుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కుడి కన్ను ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. ఆ రెప్ప వాలిపోయింది. ఎడమ కన్ను పొడిగా ఉంది. నొప్పి తగ్గేదాకా డాక్టరు అక్కడే నిలబడి చూశారు.

"ఎప్పుడు గిట్లనే తిరుగుతవా? పండుకోవా?"

"పండుకోనియ్యదు సారూ."

"ఏటా గిదే కాలంల వస్తదా?"

"పత్తి పలిగినంక వస్తది."

ఇది క్లస్టర్ తలనొప్పి అని, చాలా అరుదని డాక్టరు చెప్పారు. లోపల ఇంకేమీ లేదని తేల్చుకోవడానికి వరంగల్లులో స్కానింగు చేయించారు. నొప్పి వచ్చిన వేళ మానుకోట దవాఖానలో మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. నిలబడి మాస్కు పట్టుకున్న మనిషి, పావుగంటలో బల్ల మీద కూర్చున్నాడు. "గాలికే పోయిండా దొర" అన్నాడు. గుండె పరీక్ష చేసి, ఆ కాలమంతా వేసుకోవడానికి గోలీలు రాశారు. కల్లు ముట్టొద్దన్నారు. ముట్టలేదు.

ఆ తర్వాత కూడా శిబిరంలో ఆయన ఒకటి రెండుసార్లు లేచి వెళ్లాల్సి వచ్చింది. ఆ చోట దుకాణమాయన వచ్చి కూర్చునేవాడు. తిరిగొచ్చాక "దొర పోయిండానే?" అని అడిగి లేచేవాడు.

ఈ ఏడు పత్తి పలిగినా నొప్పి రాలేదు. "తెలంగాణ రాలే గని దొరైతే పోయిండు" అనేవాడు చిన్నాయన. చిన్నమ్మ ఆయన వెంట తిరగడం మానేసింది.

శవం పక్కన కూర్చుని ఆమె ఒక్కటే మాట అంటూ ఉంది. "మంచిగైండని ఒక్కన్నే పంపిన."

దహనం మా చెలకలోనే, బావికి కొంచెం ఎగువన జరిగింది. నిప్పు పెట్టేసరికి మధ్యాహ్నం అన్నం వేళయింది. దుకాణమాయన నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. చిన్నమ్మను ఆడవాళ్లు ఇంటికి తీసుకెళ్లారు. మగవాళ్లం స్నానాలు చేసి వెళ్లిపోయాం. దుకాణమాయన మాత్రం అక్కడే నిలబడి, పొద్దు గూకాక వెళ్లాడు.