బావగారు వచ్చినా నేను లేవలేదు

ఆ రోజు వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. మా ఆయనకు అన్న, నాకు బావగారు, గుమ్మంలోకి వచ్చారు. కొండాపూర్ దగ్గర మా ఊళ్ళో బావగారు కనిపిస్తే తమ్ముడి భార్య లేచి నిలబడాలి. ఆమెకు అరవై దాటినా అంతే. గబుక్కున లేచాను. కళ్ళు బైర్లు కమ్మాయి, గోడ పట్టుకోబోయి పడ్డాను. ఒక్కపొద్దులు ఎక్కువయ్యాయని ఇంట్లో అందరూ తేల్చేశారు.

మా ఆయన పటాన్‌చెరులో ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. ఆ అలవాటుతో అక్కడి డిస్పెన్సరీకే వెళ్ళాం. నేను అప్పటికే బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కూర్చోబెట్టి బీపీ చూసి, ఎక్కువుందని డోసు పెంచారు. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటే, వయసమ్మా అన్నారు. ఎప్పుడు వెళ్ళినా అంతే, కూర్చోబెట్టి చూడడం, అదే మాత్ర రాయడం. లేచినప్పుడు వచ్చే జబ్బును కూర్చోబెట్టి వెతికినవాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం మంచంలో పడుకుని ఉండగా బయట బావగారి దగ్గు వినిపించింది. అలవాటు కొద్దీ దిగ్గున లేచాను. ఈసారి తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఔటర్ రింగు రోడ్డు లేదు. ముత్తంగి దాటి పట్నం చేరేదాకా జీపు కుదుపులకు ప్రాణం పోయినంత పనైంది.

పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. నన్ను నడిపించే ముందు డాక్టరమ్మ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసింది. నిలబడగానే బాగా పడిపోయింది.

"పోస్చురల్ హైపోటెన్షన్. వయసు మీద పడితే లేచినప్పుడు రక్తనాళాలు జల్దీ బిగుసుకోవు, రక్తం కాళ్ళల్లనే ఉండిపోతది. మాత్ర డోసు గూడ ఎక్కువైంది. ఇన్నాళ్ళు ఎవరూ నిలబెట్టి సూడలేదా?" అని అడిగింది.

కూర్చోబెట్టే చూశారన్నాను. డోసు తగ్గించి, ఎవరొచ్చినా గబుక్కున లేవొద్దంది. మా ఆయన ఎదురుగానే చెప్పింది.

ఇంటికొచ్చాక బావగారు చూడడానికి వచ్చారు. కుర్చీలోంచే దండం పెట్టాను. ఆయన నాతో నేరుగా మాట్లాడరు. తమ్ముడి వైపు తిరిగి, "ఏందిరా, మీ ఇంట్ల పెద్దోళ్ళొస్తే లేసుడు బందయిందా?" అన్నారు.

డాక్టరమ్మ మాట చెప్పాల్సిన మా ఆయన తల దించుకుని, "జెర లెవ్వరాదె" అని నన్నే లేవమన్నాడు.

లేవలేదు. బావగారు చాయ్ తాగకుండానే వెళ్ళిపోయారు, మళ్ళీ మా గడప తొక్కలేదు. నేను ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తున్నాను. నా పొగరు వల్లే అన్నదమ్ములు విడిపోయారని ఊళ్ళో అంటారు. మా ఆయన కాదనడు. విరిగిన ఎముక సంగతి ఎవరూ ఎత్తరు.

నా వయసువాళ్ళకు ఒక్కటే చెబుతాను. బీపీ కూర్చోబెట్టి చూసి పంపించేస్తుంటే, నిలబెట్టి కూడా చూడమని అడగండి. పడుకున్నవాళ్ళు ముందు మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్ళాడించి, అప్పుడు లేవండి. వచ్చినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా అంతదాకా ఆగాలి. ఆగకపోతే పోనివ్వండి.