గడపకి పసుపు రాసిన రోజు

రాజమహేంద్రవరం నుంచి పోలవరం వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ, ప్రాజెక్టు ముంపు వల్ల సొంత ఊరు వదిలి పునరావాస కాలనీకి మారామని చెప్పారు.

"అదే మీ జీవితంలో టర్నింగ్ పాయింట్ అన్నమాట," అన్నాను.

"అంటే ఏంటండీ?"

"ఆ తర్వాత ఇంక వెనక్కి వెళ్లలేమని తెలిసే రోజండి."

"అయితే ఊరు వదిలిన రోజు కాదండి. కొత్తింటి గడపకి నేను రెండేళ్లు పసుపు రాయలేదు. అది మా ఇల్లు కాదనుకున్నాను. కోడలు పసిపిల్లతో మొదటిసారి వచ్చిన రోజు, ఆ పిల్లని బోసి గడప దాటించలేక రాశానండి. ఏడుస్తూనే రాశాను."

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ గడపకి, మాకంటే ముందున్నవాళ్లు అంటించిన పసుపు స్టిక్కరు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్లుగా రోజూ దాన్నే దాటుతున్నాను.