వంతెన కట్టినవాడు

ఆ పొద్దున నేను అబద్ధం చెప్పానని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా పెదనాయన ఫౌజులో సాపరు. యుద్ధంలో దళాల కంటే ముందు పోయి దారులు వేసేవాడు, వంతెనలు కట్టేవాడు.

"ట్యాంకులోళ్ల ఫొటోలు పేపర్ల పడ్డయి. వాళ్లు నది దాటింది మా బ్రిడ్జి మీదికెల్లే అని ఎవడన్న రాసిండా?" అని అందరితో వాదించేవాడు. తెల్లదొరల కాలంనాటి తన దళం గురించి చెప్పేటప్పుడు మాత్రం, కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు.

ఫౌజు నుంచి ఊరికి వచ్చేశాక, టేకులపల్లి బడికి పోయే మా కోసం వాగు మీద వెదుళ్లతో, తాళ్లతో వంతెన కట్టాడు. రోజూ పొద్దున తనే ముందు నడిచేవాడు. కట్టినవాడే ముందు నడవాలన్నది సాపర్ల ఆచారమట. మధ్యలో ఆగి, మూడుసార్లు కాలితో తన్ని, అప్పుడు మమ్మల్ని రమ్మనేవాడు. సాయంత్రం బడి నుంచి వస్తూ అవతలి ఒడ్డున తాళ్ల ముడులు బిగువుగా ఉన్నాయో లేదో చూసి రావడం నా పని.

ఒకరోజు నవల చదువుకుంటూ వాటిని చూడకుండానే వచ్చేశాను. రాత్రంతా వాన. తెల్లారేసరికి వాగు నిండుగా పారుతోంది.

"నిన్న ఆ ఒడ్డు ముడులు చూసినవా బిడ్డా?" అని పెదనాయన అడిగాడు. తోటిపిల్లల ముందు లేదనడానికి సిగ్గేసింది.

"అవ్, చూసిన."

"అక్క పుస్తకం తప్ప ఏం జూస్తది పెదనాయనా?" అని చెల్లెలు నవ్వింది.

పెదనాయన నడి వంతెన మీద ఉండగా అవతలి ముడి విడిపోయింది. మూడో నాడు దిగువన దొరికాడు. ఊరంతా వాగునే తిట్టింది.

ఆ పొద్దున వంతెన ఎక్కేముందు, చెల్లెలి మాట పట్టించుకోకుండా, నా తల మీద చెయ్యి వేసి అన్నాడు: "నువ్వు చూసినవంటే నేను చూసినట్టే."