ఎత్తకూడని ఫోన్

మా తమ్ముడు గొర్రెలను తోలుకుని పాలకీడు వైపు వెళ్లాడు. రోజూ సాయంత్రం మందను ఆపాక నాకొక మిస్డ్ కాల్ ఇస్తాడు. బాగున్నానని దానర్థం. వాడి బ్యాలెన్స్ పోతుందని నేను ఎత్తను.

ఈ రోజు మధ్యాహ్నమే మోగింది. అలవాటుగా ఎత్తలేదు. అది మోగి మోగి ఆగాక అనుమానం వచ్చింది. బాగున్నవాడు అంతసేపు మోగనివ్వడు. తిరిగి చేస్తే కవరేజ్ లేదని కంపెనీ ఆవిడ తీయగా చెప్పింది. ఎన్నిసార్లు చేసినా అదే తీపి. ఇక్కడ మా సూర్యాపేటంతా ఉరుములు. కుట్టుమిషన్ తొక్కడం ఆపి లేచిపోయాను.

ఇందాక మళ్లీ మోగితే వెంటనే ఎత్తాను.

"ఏమైందిరా?"

"నాకేమైతది? మీ దిక్కు పిడుగులు పడ్తున్నయని చేసిన. నువ్వు ఎత్తకపోతివి. పరేషానై, సిగ్నల్ కోసం గుట్టెక్కిన అక్కా."

"గాడ ఉరుముతలేదారా?"

"ఉరుముతుంది. దిగినంక మిస్డ్ కాల్ ఇస్త."

ఇంకా ఇవ్వలేదు.

మీ ఇళ్లలో ఆపదకు ఏ గుర్తు పెట్టుకున్నారు? కామెంట్లో చెప్పండి. ఫోన్ మాత్రం చేయకండి, నా లైన్ ఖాళీగా ఉండాలి.