మెడ దగ్గిర నాలుగు చుక్కలు

నలభై ఏండ్లుగా ఒగ అబద్ధాన్ని మోస్తా ఉండాను. పెద్దది గాదు, రెండు మూడు మాటలు. అది కూడా పోట్లాటలో అన్నది గాదు, తాగి అన్నది గాదు. టీ గ్లాసు చేతిలో పెట్టుకోని, నన్ను నమ్మిన మనిషి మొగం సూస్తా, నింపాదిగా అన్నాను. ఆ తర్వాత పెండ్లి చేసుకున్నాను, బిడ్డల్ని సదివించినాను, తిరుమల కొండకు ఎన్నిసార్లు నడిచి పోయినానో. ఆ మాట నాతోపాటే వచ్చింది, నాతోపాటే దిగింది. ఇంట్లో మా ఆడమనిషికి కూడా చెప్పలే. మీకు చెప్తా ఉండా. మీరెవురో నాకు తెలీదు, నేనెవురో మీకు అక్కర్లేదు. అందుకే మీకైతే చెప్పగలనేమో అనుకుంటా.

ఎనభైల మొదట్లో తిరపతిలో, రేణిగుంట పోయే రోడ్డు మింద, నాకొక రేకుల షెడ్డు ఉండె. అందరి మాదిరి మోటార్ సైకిళ్ళు రిపేరు చేసేవాన్నే. ఒగసారి ఎవురో ఫారిన్ పుస్తకంలోంచి చించిన బొమ్మ తెచ్చి సూపిచ్చినారు. ముందర చక్రం యాడో ఉండాది, మనిషి యాడో ఎనకాల కూచోని ఉన్నాడు, హ్యాండిలేమో చేతులెత్తి పట్టుకునేంత ఎత్తు. దాన్ని చాపరంటారని నాకు చానా ఏండ్ల తర్వాత తెలిసింది. మేము పొడుగు బండి అనేవాళ్ళం. ఆ బొమ్మ సూసినాక నాకు పిచ్చి పట్టింది. మద్రాసు వేలాల్లో పాత మిలిటరీ బండ్లు దొరికేవి. వాటి చట్రం కోసి, మెడను ముందుకు వంచి, పైపులు పొడిగించి, రెండేండ్లలో ఆరు బండ్లు కట్టినాను. చిత్తూరు నుంచి కూడా మనుషులొచ్చి సూసి పోయేవాళ్ళు. గర్వం ఉండె నాకు. ఒప్పుకోవాల గదా, చానా ఉండె.

ఆ గర్వంలో సగం ఏసుపాదంది. మా వెల్డరు. వడమాలపేట మనిషి, నాకంటే నాలుగైదేండ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. పైపు కోసేది, వంచేది, కొలతలు సూసుకునేది నేను. అతికేది వాడు. నాకు వెల్డింగు రాదు, ఇప్పటికీ రాదు. వాడు అతికితే ఆ పైపు పుట్టుకతోనే అట్ల ఉండాదేమో అనిపిచ్చేది. పని అయినాక అతుకు మింద బొటనవేలితో ఒగసారి తడిమి, ఇంగ పోదులేన్నా అనేవాడు. వాడు గొప్పలు చెప్పుకునింది అంతవరకే.

పొడుగు బండికి ప్రాణమంతా మెడ దగ్గిరే. ముందర చక్రాన్ని పట్టుకోని ఉండేది ఆ చోటే. ఏసుపాదం ఆడ మొదట నాలుగు చుక్కలు పెడతాడు, పైపు కదలకుండా అంటించేదానికి. నేను కొలత సూసి సరే అన్నాక చుట్టూ పూర్తిగా అతికి, బలానికి ఇనప ముక్కలు కూడా ఏస్తాడు. చుక్కల మింద బండి నిలబడతాది. నడవదు.

పుత్తూరు రెడ్డెప్పది ఏడో బండి. వాళ్ళ నాయనకు బియ్యం మిల్లు. ఆయుధపూజకు మిల్లులో మిషన్లు, లారీ, అన్నీ కడిగి బొట్లు పెడతారు గదా, ఆ వరసలో తన బండి నిలబడాలని పట్టుబట్టినాడు. సరేనన్నాను. పూజ ఇంకా నాలుగు దినాలుందనంగా ఏసుపాదానికి జరం. ఒళ్ళు కాలిపోతా ఉన్నా పనికొచ్చినాడు. మెడ దగ్గిర నాలుగు చుక్కలు పెట్టినాడు. కండ్లు తిరిగి, రేపొచ్చి పూర్తి చేస్తానన్నా, అంతవరకు ముట్టగాకు అని చెప్పి బస్సెక్కినాడు. మర్నాడు రాలే. ఆ మర్నాడూ రాలే. టైఫాయిడంట.

పక్క షెడ్డులో ఇంకో వెల్డరు ఉండె. పిలిస్తే అర్ధగంట పని. పిలవలే. నా పనితనం వాడు సూసి నేర్చుకుంటాడని కుళ్ళు. వాని వాకిట్లో నిలబడి అడగాలంటే నామోషీ. ఆకురాయి తీసుకోని ఆ చుక్కల్ని నున్నగా రాకినాను. సందుల్లో పుట్టీ పూసినాను. పైన నల్లరంగు కొట్టినాను. ఎంత బాగా కుదిరిందంటే, అతుకు యాడుందో నాకే కనపడలే.

మిల్లు లారీ వచ్చి బండిని ఎక్కించుకోని పోయింది. పూజకు నిలబెట్టేదానికే గదా, అయినాక ఏదో వంక చెప్పి తెప్పిచ్చి ఏసుపాదంతో అతికిద్దాం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా అట్లే అనుకున్నానా? చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాక, వాటిని తొక్కించి ఒగ చుట్టు తోలకుండా ఎవుడుంటాడు? నా షెడ్డులోనే ఏటేటా చేస్తాం, నాకు తెలీదా? తోలగాకప్పా, పని సగమే అయింది అని ఒగ మాట అనుంటే సరిపోయేది. లారీ తలుపు పట్టుకోని నిలబడినా కూడా. సగం పని పంపిస్తా ఉండానని నా నోటితో నేను చెప్పుకునేదానికి మనసొప్పలే.

రెడ్డెప్ప నిమ్మకాయలు తొక్కించినాడు. ఊరు దాటి వడమాలపేట దిక్కు తోలినాడు. ఒగ గుంతలో చక్రం పడంగానే మెడ ఊడొచ్చింది. ఇరిగిన ఎముకలకు కట్టు కట్టేదానికి పేరుమోసిన ఊరే గదా పుత్తూరు. పుత్తూరోడికి కట్టు కట్టేవాళ్ళ కోసం యాడికీ పోయే పని లేదు, ఆ పొద్దే కట్టినారు. ప్రాణం దక్కింది. మోకాలి కింద ఎముక మాత్రం నుగ్గు నుగ్గయిపోయి ఉండె, ఎవురు కట్టినా అంతే. కాలు పొట్టిగానే అతుక్కునింది. ఇరవై రెండేండ్ల పిల్లోడు.

విషయం తెలిసి పుత్తూరికి పరిగెత్తినాను. నేను ముందర సూడబోయింది రెడ్డెప్పను గాదు, బండిని. దాన్ని షెడ్డుకు తెచ్చి, ఆ సాయంత్రమే చట్రాన్ని ముక్కలు ముక్కలు కోసి పాత ఇనుములో కలిపేసినాను. చుక్కలు ఎవురి కంటా పడగూడదు గదా. రెడ్డెప్ప నాయన వచ్చి, ఎవుడబ్బా అతికిన ఎదవ అని అరిస్తే, ఏసుపాదం అని చెప్పినాను. మా వెల్డరు వాడే గదా, అబద్ధమేముండాది అని సమర్థించుకున్నాను. థూ, నా బతుకు.

పది దినాలకు ఏసుపాదం వచ్చినాడు. గడ్డం పెరిగి, చొక్కా వదులై ఉండె. సంగతి అప్పటికే వాని చెవిన పడింది. టీ తెప్పిచ్చినాను. వాడు తాగలే.

"అన్నా, నేను చుక్కలే గదా పెట్టింది?"

నేను నా టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను.

"జరంలో ఉన్నా గానీ నాకు బాగా గుర్తుండాది. రేపొచ్చి పూర్తి చేస్తానని నీతో చెప్పలేదా?"

"చెప్పినావు. మళ్ళా నువ్వే కూచోని పూర్తి చేసినావు. ఒళ్ళు తెలీని జరం ఏసుపాదా, నీకు గుర్తు లేదు."

వాడు నా మొగం సూసినాడు. అనుమానంగా సూసుంటే బాగుండు, కొట్టుంటే ఇంకా బాగుండు. చిన్నపిల్లోడు లెక్క తప్పితే అయ్యవారి దిక్కు సూస్తాడే, అట్ల సూసినాడు.

"అయితే నేనే చేసినానా?"

"నువ్వేప్పా."

"నువ్వెందుకు అబద్ధం చెప్తావులేన్నా," అన్నాడు. తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి సూసుకున్నాడు. అయ్యో, ఆ పిల్లోని కాలు అని ఏడ్చినాడు.

ఆ దినం నుంచి వాడు వెల్డింగు పని ముట్టలే. మళ్ళా రమ్మని నేనే బతిమలాడినాను, ఎంత సిగ్గులేనోన్నో సూడండి. నా చేతుల్ని నేనే నమ్మలేనన్నా అన్నాడు. రేణిగుంటలో గోడౌనులో మూటలు మోసేదానికి కుదిరినాడు. చానా నెలలు, ఆదివారం వస్తే రెడ్డెప్పింటికి పోయి, వాళ్ళు తిడతా ఉన్నా వాకిట్లో నిలబడి క్షమించమని అడిగేవాడంట. నా తప్పుకు వాడు. నేనేం చేసినాను? పొడుగు బండ్లు కట్టేది మానేసి, అదే నాకు శిక్ష అనుకున్నాను. టైర్ల అంగడి పెట్టుకోని బాగానే బతికినాను. ఇదేం శిక్ష?

పోయిన ఏడు, చెప్పే తీరాలని వడమాలపేటకు పోయినాను. ముసిలోడైనాడు. నన్ను సూసి ఎంత సంతోషపడినాడో. వాడు చొక్కా ఏసుకునేదానికి లోపలికి పోయినప్పుడు వాని భార్య మరియమ్మ మెల్లిగా చెప్పింది. పొయ్యి ఆర్పినానా, కొళాయి కట్టినానా, ఒగటికి నాలుగుసార్లు అడుగుతాడంట. ముసిలితనం గాదన్నా, ఆ బండి ఇరిగినప్పట్నుంచీ ఇంతే అనింది.

ముగ్గురం బయల్దేరినాం, నేను బస్సుకు, వాళ్ళు చర్చికి. ఏసుపాదం నా కండ్ల ముందరే తాళం ఏసి, రెండుసార్లు లాగి సూసినాడు. పదడుగులు నడిచి ఆగిపోయినాడు. తాళం ఏసినానా అన్నా అని అడిగినాడు. ఏసినావప్పా, నేను సూసినా అన్నాను. తల ఊపి, ఎనక్కి కూడా తిరక్కుండా నడిచినాడు.

మరియమ్మ ఆశ్చర్యపోయింది. "మేమెంత చెప్పినా ఎనక్కి పోయి లాగి సూసొస్తాడు. నీ మాటకైతే ఆగినాడు సూడన్నా," అనింది.

అప్పుడన్నా చెప్పాల్సింది. నోరు తెరిచినాను కూడా. బస్సొచ్చింది, ఎక్కేసినాను.

మీరు క్షమించాలని రాయలే, అది మీ చేతిలో లేదు. వానికి చెప్తానో లేదో, అది కూడా మాటియ్యలేను. ఒగచోట ఉన్నది ఉన్నట్టు పెడితే ఊపిరాడతాదేమో అని రాసినాను. రవ్వంత ఆడతా ఉండాది. ఏసుపాదం ఆ మెడను పూర్తి చేయలే. రేపొస్తానని నాతో చెప్పే పోయినాడు. అంత జరంలో కూడా వానికి అంతా సరిగ్గానే గుర్తుండె.