తల్లోకి కాని పూలు

మొన్న మా మనవరాలు ఆఫీసు నుంచి వస్తూ రెండు మూరల మల్లెపూలు తెచ్చి, నా మంచం పక్క బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. అది వచ్చేసరికి పూలు వరండాలో ఉన్నాయి. ఈ ఇంట్లో నాకు మల్లెపూలు గిట్టని ముసలిదని పేరు. తలనొప్పి వస్తుందని ఎప్పుడో ఒక అబద్ధం చెప్పాను, దాన్నే ఇన్నేళ్ళూ మోస్తున్నాను. ఆ పిల్ల పోట్లాడలేదు గానీ, పూలు నిన్నేం చేశాయి నాయనమ్మా అని అడిగింది. చెప్పే ఓపిక లేక అటు తిరిగి పడుకున్నాను. ఓపికున్నా ఎక్కడ మొదలుపెట్టాలి?

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా అన్న బిట్రగుంటలో రైలింజనుకు బొగ్గేసే ఫైర్‌మన్. మా అమ్మ అప్పటికే పోయింది. వదిన వాళ్ళమ్మ పక్షవాతంతో బోగోలు దగ్గర పల్లెలో మంచాన ఉంది. అందుకని వదినకు తొలికాన్పు రైల్వే క్వార్టర్లోనే, సాయానికి నేను. ఏం చూసి నన్ను పిలిపించారో గానీ, నాకు అన్నం వార్చడమే సరిగా రాదు. ఆ ఎండాకాలం ఉతికిన బట్ట ఆరేలోపు దాని మీద ఇంజన్ల మసి పడేది, మళ్ళీ ఉతికేదాన్ని. పుట్టబోయే బిడ్డ పొత్తిగుడ్డలు మాత్రం వదిన ఇంట్లోనే తాడు కట్టి ఆరేసుకునేది, మసి అంటకుండా.

రెండు రోజులు నొప్పులు పడ్డాక బిడ్డ ఏడవకుండానే పుట్టింది. ఆడపిల్ల. తల్లికి చూపిస్తే బెంగ పెట్టుకుంటుందని ఎదురింటి అత్త బిడ్డను వదిన పాత చీర ముక్కలో చుట్టి అన్న చేతిలో పెట్టింది. ఆమె మాకు వరసకు అత్తేం కాదు, కాలనీలో పెద్దదని అందరం అట్లా పిలిచేవాళ్ళం. అన్న ఒక్కడే పోయి పూడ్చి వచ్చాడు. పేరు లేదు, పదో రోజు లేదు. కళ్ళు తెరవని దానికి ఏడుపేంది అన్నారు చుట్టుపక్కల వాళ్ళు. తెల్లారి అన్న డ్యూటీకి పోయాడు, ఐదు రోజులు రాలేదు. బండి మీద బండి తనే అడిగి వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. నేను తాడు మీది పొత్తిగుడ్డలు తీసి పెట్టె అడుగున పెట్టాను.

మూడో రోజు వదినకు పాలు పడ్డాయి. బిడ్డ లేదని ఒంటికేం తెలుసు? రొమ్ములు గట్టిపడి, రవిక తడిసిపోయి, గోడ వైపు తిరిగి పళ్ళు బిగబట్టుకుని పడుకునేది. ఎదురింటి అత్త చూసి మల్లెపూలు కట్టమంది. రొమ్ముల మీద పూలదండలు పరిచి, గుడ్డతో బిగించి, వాడినప్పుడల్లా మారుస్తుంటే పాలు వెనక్కి పోతాయి. మా వైపు ఆడవాళ్ళందరికీ తెలిసిన మందే. మగవాళ్ళకు తెలియదు, ఎవరూ చెప్పరు. నేను కడుతుంటే ఇంకా బిగించమనేది వదిన. ఏడ్చేది కాదు. ఏడిస్తే బాగుండునని నేను దణ్ణాలు పెట్టుకునేదాన్ని. పగలూ రాత్రీ ఆ మల్లెల వాసన, పులిసిన పాల వాసన, బొగ్గుపొగ కలిసి ముక్కుకు పట్టేసి నాకు అన్నం సహించేది కాదు. తర్వాత ముగ్గురు పిల్లల్ని కన్నాను గానీ, అంతగా ఎప్పుడూ అలిసిపోలేదు.

పూలు స్టేషను దగ్గర ఒకామె అమ్మేది. నోరు గల మనిషి. దినామూ ఇన్ని మూరలు పట్టుకపోతున్నావు, ఇంట్లో పెళ్ళా ఏంది పాపా అంది. ఏం చెప్పను? మా వదినకు పూల పిచ్చి అన్నాను. తెలివిగా తప్పించుకున్నానని మురిసిపోయాను కూడా. ఆ ఊళ్ళో మాట గూడ్సుబండి కంటే ముందు పోతుందని నాకేం తెలుసు! ఆరో రోజు అన్న బండి దిగీ దిగకముందే ఆ పూల మాట ఎవరో చెవిన వేశారు. ఇంటికొచ్చి తలుపు తీయగానే గుప్పుమని అదే వాసన. దుప్పటి కప్పుకుని పడుకున్న వదినను చూసి, "నా చేతుల్తో మట్టేసి వారం కాలేదు. నీకు పూలు కావలసి వచ్చినాయా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. వదిన దుప్పటి ఇంకా పైకి లాక్కుంది. అన్న అన్నం ముట్టకుండా వరండాలో చాప వేసుకున్నాడు.

వదిన కట్టు విప్పేసి, ఇంక పూలు తేవద్దంది. ఉన్న సంగతి చెప్పు వదినా అని బతిమాలితే, "చెప్తేనే తెలియాల్నా ఆయనకు?" అంది, అంతే. మరుసటి సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. ఎదురింటి అత్త చెయ్యి వేసి చూసి, చీము పడితే మనిషి దక్కదు పాపా అంది. ఇదంతా నా నోటి పుణ్యం. పెళ్ళికాని పిల్ల అన్నతో పాల సంగతి మాట్లాడటమంటే ఆ రోజుల్లో తల కొట్టేసినట్టే. అన్న దొడ్లో తొట్టి దగ్గర మసి కడుక్కుంటున్నాడు. మొహం చూడలేక వెనక నిలబడి ఆ వీపుకే చెప్పాను.

"అన్నా, అవి తల్లోకి కాదు. పాలు ఆగడానికి. బిడ్డ లేకపోయినా వదినకు పాలొస్తున్నాయి. పూల పిచ్చని అబద్ధం చెప్పింది నేను."

చెంబు తొట్టి గట్టు మీద పెట్టేశాడు. తర్వాత ఆ తడి చేతులతోనే బయటికి పోయి, పూలామె బుట్టలో ఉన్నవన్నీ, కట్టని మొగ్గలతో సహా, తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు. వదిన పక్కన నేల మీద కూర్చుని, అరటినార తీసుకుని తనే కట్టబోయాడు. పార పట్టే వేళ్ళాయె, ముడి బిగించిన ప్రతిసారీ మొగ్గ తెగి కింద పడేది. మిగిలిన వాటి మీద బొగ్గు మరకలు. ఇంకోరోజైతే పడీపడీ నవ్వేదాన్ని. వదిన కాసేపు చూసి, చెయ్యి చాచి ఆ నార తీసుకుంది. అప్పుడు అన్న, ఎవరూ అడక్కుండానే, "పూడ్చే ముందు గుడ్డ తీసి చూసినాను మే, దాన్ని. చానా జుట్టు ఉండింది. నీ జుట్టే," అన్నాడు.

వదిన ఆ పూలలో మొహం పెట్టుకుని బావురుమంది. అన్న కూడా. నేను వంటింట్లోకి పోయి అన్నం మాడబెట్టాను.

జ్వరం తగ్గింది, పాలూ ఆరాయి. తర్వాత వాళ్ళకు ఇద్దరు మగపిల్లలు. ఆ వాసన పడక నేను మల్లెపూలు మానేశాను. వదిన మాత్రం పోయేదాకా ప్రతి ఎండాకాలం పెట్టుకుంది. పెట్టుకునే ముందు జానెడు తుంచి కిటికీలో పెట్టేది. ఎవరికని అన్నా అడగలేదు, నేనూ అడగలేదు.

నిన్న మనవరాలిని పిలిచి, వరండాలో పూలు జానెడు తుంచి కిటికీలో పెట్టమన్నాను. అప్పటికే వాడిపోయాయి, అయినా పెట్టింది. అంత జుట్టుతో పుట్టిన పిల్ల. ఉండి ఉంటే, ఆ జుట్టు ఈపాటికి నెరిసిపోయి ఉండేది.