గోడ అవతలి వేణువు

మా చిన్నప్పుడు... రేపల్లెలో మా దొడ్డిగోడని ఆనుకునే సినిమా హాలు ఉండేది. మధ్యాహ్నం ఆట మొదలైందంటే వంటింట్లో గిన్నెలు కూడా సన్నగా మోగేవి. మాటలు అర్థమయ్యేవి కావు... సంగీతం మాత్రం గోడ దాటి వచ్చేసేది.

వచ్చినా ఏం లాభం? నాన్న స్కూల్లో మాస్టారు, పైగా చర్చి పెద్ద. సినిమా చూడటం పాపం అన్నారంటే పాపమే! గోడలకి చెవులుంటాయంటారు... మా గోడకి నోరుండేది. దాన్ని మూయించడం మాత్రం ఆయన వల్ల కాలేదు.

అమ్మ సరిగ్గా ఆ వేళకే దొడ్డివైపు వరండాలో కుట్టుమిషను ముందు కూర్చునేది. నేను పక్కన గుండీలు కుట్టేదాన్ని. సన్నాయి వినపడితే "అదుగో, పెళ్ళయిపోయింది" అనేది. డప్పులు దడదడలాడితే "కొట్టుకుంటున్నారు, సచ్చినోళ్ళు" అనేది.

ఆ ఏడాదే మా తమ్ముడు పోయాడు. రెండేళ్ళవాడు... మూడు రోజుల జ్వరం. "ప్రభువు పిలుచుకున్నాడు, ఏడవకూడదు" అన్నారు నాన్న. అమ్మ ఏడవలేదు. అన్నమూ సరిగ్గా తినలేదు. నాన్న మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అప్పుడే హాల్లోకి ఒక సినిమా వచ్చింది. వారాల తరబడి ఆడింది. మొదట్లో ఒక జోలపాట... చివర్లో పిల్లాణ్ణి పిలుస్తున్నట్టు ఒక తల్లి కేక. కాసేపు ఏమీ వినపడదు. తర్వాత అదే జోలపాట, వేణువు మీద, మెల్లగా...

వేణువు రాగానే అమ్మ మిషను ఆపేసేది. "పిల్లాడు వచ్చేశాడే" అని కళ్ళు తుడుచుకునేది. రోజూ అంతే. ఆ నెలలోనే మళ్ళీ కాస్త అన్నం తినడం మొదలుపెట్టింది.

వేసవి సెలవులకి తెనాలి వెళ్తే మా పిన్ని "మీ నాన్నకి చెప్పకే" అంటూ అదే సినిమాకి తీసుకెళ్ళింది.

పిల్లాడు రాలేదు. కాలవలో పడి చనిపోయాడు. వేణువు వస్తున్నంతసేపూ తెర మీద ఖాళీ ఉయ్యాల... ఆ తల్లి దాన్ని ఊపుతూనే ఉంది. అన్నిసార్లు విన్న వేణువే!

ఇంటికొచ్చాక అమ్మకి మాత్రం చెప్పేశాను, ఆ సినిమా చూశానని. తిట్టలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిల్లాడు వచ్చాడా?"

"వచ్చాడమ్మా... వాళ్ళమ్మ ఎత్తుకుంది."

చర్చి పెద్ద కూతుర్ని, అంత పెద్ద అబద్ధం అంతకుముందెప్పుడూ ఆడలేదు.

ఇప్పుడు నాన్న లేరు. ఆ హాలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారు. అమ్మ బాపట్లలో నా దగ్గరే ఉంటోంది. మొన్న ఫోన్లో ఏదో వెతుకుతుంటే ఆ సినిమా కనపడింది. దాచేలోపే అమ్మ చూసేసింది.

"పెట్టవే" అంది.

జోలపాట అయిపోయింది. చివరి కేక దగ్గర పడింది. ఆపేద్దామా అనుకునేంతలో అమ్మే ఫోన్ తీసుకుని, బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"బొమ్మ వద్దులేవే. నాకు తెలుసు... నువ్వు చూసొచ్చిన వారమే మీ పిన్ని చెప్పింది."

ఇన్నేళ్ళూ తెలుసన్నమాట! నా అబద్ధాన్ని నాకంటే జాగ్రత్తగా దాచుకుంది. నేనేదో అనబోయేంతలో వేణువు వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"వచ్చాడు" అంది.

ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే ఎవరి చెవుల్లో వాళ్ళకి ఇయర్‌ఫోన్లు... ఒకరి పాట ఇంకొకరికి వినపడదు. మీ ఇంట్లోకి గోడ దాటి వచ్చిన పాట ఏదైనా ఉంటే కింద రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను.